కారుతున్న కారు

ఇంగ్లీషు భాషనుండి “కారు” అన్న నామవాచకం వచ్చి చేరకముందే మన తెలుగులో “కారుట” అనే క్రియ ఉన్నది. చూరు కారుతుంది, కన్ను కారుతుంది, పుండు కారుతుంది. పాతబడిన మోటారు బండి విషయంలో ఆ నామవాచకమూ ఈ క్రియా చేతులు కలిపి “మా కారు కారుతున్నది” అన్న వాక్యాన్ని పుట్టించినవి. ఇందులో శ్లేష ఉన్నా, చెప్పుకునేవారికి హాస్యం మాత్రం లేదు. ఉదయం లేవగానే గచ్చుమీద నల్లని మరకను చూచి నిట్టూర్చే గృహస్థులు నేటికీ మన ఊళ్ళలో కొందరున్నారు.

ఇంజన్ ఆయిలు చుక్కను గూర్చి సాహిత్య పుటలో ప్రసంగమెందుకని ఎవరైనా అడుగవచ్చును. కొండమీద పొగను చూచి నిప్పున్నదని ఊహించుట మన తార్కికులు చెప్పే మొదటి ఉదాహరణ. చుక్క పడినచోటికి సరిగా పైననే చిల్లు ఉన్నదని ఊహించుట కూడ చూడబోతే అటువంటి అనుమానమే అనిపిస్తుంది. కాని పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తి చుక్కకూ చిల్లుకూ లేదు. తర్కశాస్త్రం అటువంటి హేతువును సవ్యభిచారమన్నది. అది తరగతి గదిలో జరిగితే పోయేది మార్కులే. మరమ్మతు షాపులో జరిగితే వేలకొలది రూపాయలు.

మనకు బాగా పరిచయమైన అంబాసిడరు కారునే తీసుకుందాము. 1957 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో తయారైన బండి అది. దాని పూర్వరూపం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి. చాలాకాలం దానిని నడిపిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను కూడ ఇంగ్లీషువారి “బి సిరీస్” సంతతిలోనిదే. తరువాతి రోజులలో వచ్చిన ఇసుజు ఇంజను సంగతి వేరు. దానిని ఇక్కడ తలపెట్టను.

ఈ పాత ఇంజను వెనుక భాగాన ఒక విచిత్రమున్నది. లోపల తిరిగే క్రాంకు షాఫ్టు, క్లచ్చిని చేరుకొనుటకు ఇంజను గోడను దాటి వెలుపలికి రావలె. నేటి ఇంజన్లలో ఆ గడప దగ్గర రబ్బరు సీలు ఒకటి షాఫ్టును కౌగిలించుకొని ఉంటుంది. దీనిలో అట్టి సీలు లేదు. షాఫ్టు ఒంటిమీదనే మరచుట్టు వంటి గాడిని కోసినారు. షాఫ్టు తిరిగినంతసేపు ఆ గాడి, వెలుపలికి రాబోయే ఆయిలును మరల లోపలికి నెట్టుతుంది. గాడికీ గోడకూ మధ్య సన్నని సందు ఎప్పుడూ ఉంటుంది. తలుపు లేని గడపకు కాపలావానిని పెట్టినట్లన్నమాట. అందులోనూ తిరుగుతున్నప్పుడు మాత్రమే మేలుకొని ఉండే కాపలావాడు. ఇంజను ఆపిన తరువాత ఒకటి రెండు చుక్కలు జారుట ఆ ఏర్పాటులోని స్వభావమే గాని రోగం కాదు.

అయితే ఆ కాపలావానికి ఒక షరతున్నది. లోపలి వాయువు వెలుపలి వాయువుకంటె ఎక్కువగా ఒత్తిడి చేయరాదు. పిస్టనుల ప్రక్కనుండి కొంత వాయువు ఎల్లప్పుడూ క్రింది గదిలోనికి దిగుతూనే ఉంటుంది. రింగులు అరిగినకొద్దీ మరింత దిగుతుంది. అది బయటికి పోవుటకే ఊపిరి గొట్టాలు పెట్టినారు. మెకానిక్కులు బ్రీదరు అనేది దీనినే. ఈ గొట్టం మడ్డితో పూడుకొనిపోతే వాయువు తన దారి తాను వెదుక్కుంటుంది. పాత ప్యాకింగులున్న ప్రతిచోటా, సీలు లేని ఆ వెనుక గడప దగ్గర మరీ ముఖ్యంగా, ఆయిలును వెంటబెట్టుకొని బయటపడుతుంది.

మా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే మిత్రుని బండికి సరిగా ఇదే సంభవించినది. క్లచ్చి గూడు అడుగున చుక్కలు. ఒకచోట ఆయిలు చాంబరు ప్యాకింగు మార్చినారు, ఆగలేదు. మరియొకచోట గేరుబాక్సు దించి, “వెనుక సీలు పోయింది” అని తీర్పు చెప్పి, ఏదో మార్చి బిల్లు పుచ్చుకున్నారు. నెల తిరగకముందే గచ్చు మరల నల్లబడినది. తుదకు విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రి దగ్గరకు వెళ్ళినారు; తోడుగా నేనూ వెళ్ళినాను.

జరిగినదంతా విని మేస్త్రి నవ్వి, “ఏ సీలు మార్చారండీ మాస్టారూ? ఈ ఇంజనుకు వెనకాల సీలే లేదు గదండీ” అన్నాడు. పానా ముట్టుకోలేదు. ఇంజను నడుస్తుండగా పైనున్న ఆయిలు పోసే మూత తీసి, ఆ రంధ్రంమీద ఒక కాగితపుముక్క ఉంచినాడు. కాగితం ఎగిరి అవతల పడినది. “ఊపిరాడక కక్కుతున్నదండీ, పాపం” అన్నాడు.

అంతటితో నిర్ణయానికి రాలేదతడు. ఈ పనిలో అసలైన ఘట్టం శుభ్రం చేయుట. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డులో కొత్త తడిని పాత తడినుండి వేరుచేయుట ఎవరి తరమూ కాదు. కరెంటు భాగాలకు గుడ్డ కప్పి, ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లినాడు. తెల్లని పొడిమీద తడి ఎక్కడ మొదలైతే అక్కడ చారికగా తెలుస్తుంది. పది కిలోమీటర్లు నడిపించి తెచ్చి, దీపం పెట్టి చూచినాడు. పైనుండి క్రిందికి, ముందునుండి వెనుకకు. ఆయిలు క్రిందికి జారుతుంది. నడిచే బండిలో ఫ్యాను గాలీ ఎదురుగాలీ దానిని వెనుకకు తోస్తాయి. కాబట్టి చుక్క రాలే చోటు ప్రయాణానికి చివరి మజిలీ మాత్రమే. తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తున, అన్నిటికంటె ముందున ఉన్నదానిని పట్టుకోవలె.

అట్లా చూడగా రెండు చారికలు కనిపించినవి. ఒకటి కార్బురేటరు వైపున, పొగగొట్టాల చాటున దాగియున్న టాపెట్ కవరు అంచునుండి బయలుదేరి వెనుకకు సాగినది. ఈ రేకు మూతలను ఒక్కొక్క బోల్టు మాత్రమే పట్టి ఉంచుతుంది. కారుతున్నదని ఎవరో బలంకొద్దీ బిగించగా నడుమ లోపలికి లొంగి అంచులు పైకి లేచినవి. బిగించినకొద్దీ కారుట ఎక్కువైనది. (కొందరు విద్యార్థుల విషయంలో మన దండన కూడ ఇట్టిదేనేమోనని నాకనిపిస్తుంది.) రెండవ చారిక వెనుక గడప దగ్గరిదే. ఊపిరి గొట్టం విప్పి చూస్తే లోపల మడ్డి గట్టిపడి ఉన్నది. పైభాగంనుండి పోయే రబ్బరు గొట్టం మెత్తబడి అణగిపోయినది.

గొట్టాన్ని కడిగి, రబ్బరుది కొత్తది వేసి, వంగిన మూతను సుత్తితో చదును చేసి కొత్త ప్యాకింగు పెట్టినాడు. మరల పొడి, మరల ప్రయాణం. ఈసారి పొడి తెల్లగానే ఉన్నది. అయినా మా మిత్రునికి తృప్తి కలుగలేదు. “మూత వల్ల ఆగినదా, గొట్టం వల్ల ఆగినదా?” అని ప్రశ్న. మేస్త్రి విసుగుకొనక, రెండు గొట్టాల నోళ్ళలోనూ గుడ్డ కుక్కి కొంతసేపు ఇంజను నడిపించినాడు. మూత అంచు పొడిగానే నిలిచినది గాని క్లచ్చి గూడు అడుగు తడిసినది. గుడ్డలు తీసి, తుడిచి, నడిపితే తడి లేదు. కారణముంటే కార్యముండుట అన్వయం, లేకుంటే లేకుండుట వ్యతిరేకం. శిష్యులకు నేను ఏటేటా వల్లెవేయించే ఈ రెండు మాటలు ఆ మధ్యాహ్నం గుడ్డపీలికల రూపంలో దర్శనమిచ్చినవి.

చుక్కే కదా అని ఉపేక్షించవచ్చునా? నిమిషానికొక చుక్క చొప్పున ఇరవై నాలుగు గంటలలో 1440 చుక్కలు. మిల్లీలీటరుకు ఇరవై ముప్పై చుక్కలనుకుంటే 48 నుండి 72 మిల్లీలీటర్లు. ఇది పెద్ద నష్టం కాదు. కాని ఆ ఆయిలు క్లచ్చి పలకకు తగిలితే ఘాటురోడ్డుమీద క్లచ్చి జారుతుంది. కాలిన పొగగొట్టంమీద పడితే పొగ వస్తుంది, దురదృష్టం కలిసివస్తే మంటే రావచ్చును. కొలకడ్డీ చూచుట మరచినవానికి బేరింగులే పోతాయి. చిక్కని ఆయిలు పోస్తే ఆగుతుందని కొందరు సలహా చెబుతారు. అది లక్షణాన్ని కొంత అణచవచ్చునే గాని, చల్లని ఇంజనులో పై భాగాలకు ఆయిలు చేరుట ఆలస్యమవుతుంది. పూడుకొన్న గొట్టం పూడుకొనే ఉంటుంది.

ఇంకొక మాట. కారేదంతా ఇంజన్ ఆయిలు కాదు. వెనుక ఇరుసులోని గేరాయిలుకు గంధకపు ఘాటు వాసన ఉంటుంది. బ్రేకు ద్రవం పలుచన, రంగును తినేస్తుంది; అది కనిపిస్తే బండి కదల్చనే కూడదు. బండి క్రింద రాత్రి తెల్లకాగితం పరచి, ముందు చక్రాలున్న చోటును పెన్సిలుతో గుర్తుపెడితే, ఉదయానికి ఏది ఎక్కడినుండి రాలినదో సగం తెలిసిపోతుంది.

మేస్త్రి చెప్పిన ప్రకారం ఆ బండికి వెనుక గడపనుండి నేటికీ రాత్రికి రెండు చుక్కలు పడుతూనే ఉన్నవి. మా మిత్రుడు వాటి క్రింద ఒక పాత అట్ట పెట్టి, ప్రతి ఆదివారం కొలకడ్డీ చూచి, ఆ అట్టమీదనే తేదీ వ్రాసుకుంటున్నాడు.