మీకు తెలుసా? లాంచీ కదలాలంటే సాగర్ నిండాలి

కొండల నడుమ జలాశయంలో పడవ విహారానికి వాతావరణం కన్నా ముందు చూడాల్సింది నీటిమట్టం. నల్లమల గుండా నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్లే లాంచీ ఏడాది పొడవునా తిరగదు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. అది బాగా తగ్గితే లాంచీ ఒడ్డునే. నిల్వ ఉన్నది విహారానికి కాదు, దిగువన డెల్టాలోని ఉయ్యూరు వరిమళ్ల దాకా సాగుకు మరి! అమెరికా ఎడారి లోయలోని పావెల్ సరస్సుకూ ఇదే తిప్పలు: 1963లో నిండడం మొదలైన ఆ సరస్సు 2022లో పావు వంతు దగ్గరికి పడిపోయి, పడవలు దించే రేవులు చాలా మూతపడ్డాయి. అక్కడ ఒడ్డున గుడారం వేసుకోవచ్చు. ఇక్కడ గట్లు పులుల అభయారణ్యం, ఇష్టమొచ్చిన చోట రాత్రి బస కుదరదు. గుడారమే కావాలంటే గండికోటలో పెన్నా లోయ అంచుకు వెళ్లాలి.