వార్తల్లో పదం: ఇండెక్స్ ఫండ్

ఆర్థిక వార్తలలో తఱచుగా వినవచ్చుచున్న ఇండెక్స్ ఫండ్ అనునది, నిఫ్టీ 50 వంటి సూచీలోని సంస్థలన్నింటి షేర్లను ఆ సూచీ పాళ్లలోనే కొని యుంచు మ్యూచువల్ ఫండ్. షేర్లను ఏఱి కూర్చు పని లేనందున దీని ఖర్చు స్వల్పము. సూచీని మించిన లాభము మాత్రము దీనియందు ఆశింపరాదు. స్వయముగా షేర్లనెన్నుకొనువారికి ఆ యవకాశము కలదు, ప్రమాదమును కలదు. ఉదాహరణకు, హైదరాబాదు సంస్థ సత్యం కంప్యూటర్స్ లెక్కలు కల్పితములని దాని అధ్యక్షుఁడు రామలింగరాజు 2009 జనవరి 7న తానే వెల్లడింపఁగా, ఆనాఁడే షేరు ధర నాలుగింట మూడువంతులకు పైగా పతనమయ్యెను. పిల్ల పెండ్లికని కూడఁబెట్టిన సొమ్మంతయు ఆ యొక్క షేరులోనే యుంచిన యిండ్ల వేదన యింతింతయని చెప్పనలవి కాదు. నిఫ్టీ నుండి ఆ సంస్థను తొలఁగించి వేఱొకదానిని చేర్చిరి. ఇండెక్స్ ఫండ్ మదుపరులకును నష్టము తగిలినది గాని, సూచీలో సత్యం సంస్థకుఁ గల పాలు మేరకే. మార్కెట్టంతయు కూలినచో ఈ ఫండును కూలును. పెరియపాళయము వంటి యూర నెలనెలా సిప్ (క్రమవాయిదాల మదుపు) కట్టు గృహస్థుఁడు పథకపత్రములో ముందుగాఁ జూడవలసినవి ఖర్చు నిష్పత్తియు, ఫండు రాబడి సూచీ రాబడి నుండి ఎంత తప్పునో తెలుపు ట్రాకింగ్ ఎర్రరును.