నొప్పి వేళ చెప్పే గుట్టు

'అబ్బా... మోకాళ్లు!' అని అమ్మ మూలిగితే 'వయసు మీదపడుతోంది కదా' అంటాం. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం లేదని వదిన చెబితే 'వాతం చేసుంటుంది' అని తేల్చేస్తాం. నాన్న బొటనవేలు వాచి కుంటుతుంటే 'ఎక్కడో తగిలించుకుని ఉంటారు' అనుకుంటాం. చివరికి ముగ్గురికీ వీధి చివర మందుల షాపు నుంచి వచ్చేది మాత్రం ఒకటే బిళ్ల!

నిజానికి ఆ మూడూ వేర్వేరు సమస్యలు కావచ్చు. ఒకదానికి వ్యాయామమే పెద్ద మందు. ఇంకోదానికి సకాలంలో చికిత్స మొదలుపెట్టకపోతే కీళ్లు శాశ్వతంగా వంకర్లు పోతాయి. మూడోది యూరిక్ యాసిడ్ చేసే పని. మరి ఏది ఏమిటో గుర్తుపట్టడమెలా? నొప్పి ఏ వేళకు వస్తోందో గమనించడం తొలి మెట్టు.

సాయంత్రానికి పెరిగితే...

ఎముకల చివర కార్టిలేజ్ అనే నున్నటి పొర ఉంటుంది. అది దెబ్బతిని పలచబడటమే మనం 'అరుగుదల' అనుకునే ఆస్టియో ఆర్థ్రయిటిస్. ఎక్కువగా 50 ఏళ్లు దాటినవారిలో, బరువు ఎక్కువున్నవారిలో కనిపిస్తుంది. పొద్దున్నే కీలు పట్టేసినట్టున్నా సాధారణంగా అరగంటలోపే వదులవుతుంది. మెట్లు దిగుతున్నా, కింద కూర్చుని లేస్తున్నా నొప్పి. రోజంతా తిరిగాక సాయంత్రానికి మరింత నొప్పి. కాసేపు కాళ్లు చాపుకుంటే హాయి.

'నడిస్తే ఇంకా అరిగిపోతాయేమో' అని చాలామంది మంచం దిగరు. ఇది పెద్ద పొరపాటు. కదలకపోతే తొడ కండరాలు నీరసిస్తాయి. అప్పుడు భారమంతా మోకీలు మీదే పడుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలిని తిన్నగా ముందుకు చాపండి. అయిదు అంకెలు లెక్కపెట్టి నెమ్మదిగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు చొప్పున, రెండు పూటలా చేస్తే చాలు. బరువు కూడా కీలకమే. శరీర బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన ఓ అమెరికా పరిశోధన తేల్చింది.

ఎక్స్‌రేలో అరుగుదల కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అవసరం రాదు. వ్యాయామం, బరువు తగ్గడం, మందులు... ఇవన్నీ ప్రయత్నించాక కూడా రోజువారీ పనులు సాగకపోతేనే ఆ ఆలోచన.

పొద్దున్నే బిగుసుకుపోతే...

నిద్ర లేచాక గంట గడిచినా వేళ్లు వదులు కావడం లేదా? జాకెట్ హుక్స్ పెట్టుకోవడం, పిల్లలకు జడ వేయడం కష్టంగా ఉందా? రెండు చేతుల వేళ్లు, మణికట్లు వాచాయా? అయితే కీళ్లవాతాన్ని, అంటే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ను అనుమానించాలి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడి చేయడం దీనికి కారణం. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్ఫైల్లోనూ రావచ్చు. నీరసం, కొద్దిపాటి జ్వరం కూడా తోడవుతాయి.

ఇక్కడ ఆలస్యమే అసలు శత్రువు. మొదటి నెలల నుంచే ఎముక దెబ్బతినడం మొదలుకావచ్చు. కాబట్టి వాపు కొన్ని వారాలైనా తగ్గకపోతే రుమటాలజిస్టును కలవాలి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జబ్బు లేదనలేం. యాంటీ సీసీపీ వంటి ఇతర పరీక్షలూ చూస్తారు. చికిత్సలో తరచూ వాడే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. గర్భం ధరించాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

అర్ధరాత్రి మంట పుడితే...

పడుకునేటప్పుడు బాగానే ఉంటుంది. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి! ఇది గౌట్ తీరు. రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్ సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీలులో చేరుతుంది. మద్యం, మాంసం, లివర్, తియ్యటి కూల్‌డ్రింకులు, కొన్ని రకాల బీపీ బిళ్లలు దీన్ని ఎగదోస్తాయి.

యూరిక్ యాసిడ్ అనగానే పప్పు మానేసే ఇళ్లు ఎన్నో. 47 వేల మందికి పైగా పురుషులను 12 ఏళ్లపాటు గమనించి 2004లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో, ప్యూరిన్లు ఎక్కువున్న కాయగూరల వల్ల గౌట్ ముప్పు పెరగలేదని తేలింది. బఠాణీలు, బీన్స్ కూడా అందులో ఉన్నాయి. ఇంకో సంగతి... నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. తగ్గాక మళ్లీ చేయించుకోవాలి.

వేళాపాళా లేకుంటే...

2006లో చికున్‌గన్యా మన ఊళ్లను చుట్టేసినప్పుడు, జ్వరం పోయినా నెలల తరబడి కీళ్లనొప్పులు వదలక అవస్థపడిన వారెందరో. ఈమధ్య జ్వరం వచ్చి తగ్గిందేమో డాక్టరుకు తప్పక చెప్పండి. ఒకే కీలు ఉన్నట్టుండి వాచి, వేడిగా మారి, జ్వరం కూడా ఉంటే మాత్రం అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

ఆ బిళ్లతో జాగ్రత్త!

డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్లలను సొంతంగా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. పేరూ వివరాలూ లేని పొడులు, మాత్రలు రెండు రోజుల్లోనే మాయ చేశాయంటే వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు. చాన్నాళ్లుగా అవి వాడుతుంటే ఒక్కసారిగా మానేయకుండా, వాటిని తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

వేళను బట్టి అనుమానించవచ్చు గానీ, నిర్ధారించాల్సింది వైద్యులే. వాళ్ల పని సులువయ్యేలా చేయడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లోనే ఓ వారంపాటు రాయండి... ఏ కీలు, ఏ వేళ, పొద్దున్నే ఎన్ని నిమిషాలు బిగుసుకుంది, ఏ బిళ్ల వేసుకున్నారు? డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు దాదాపు ఇవే.