వసారాలో మందారము, తోటలో మల్బరీ

మందారము నీరు కోరు మొక్క. అనంతపురము మెట్టసీమలో ఏడాదికి పడు వర్షము సుమారు 55 సెంటీమీటర్లు; అదియు అదనుకు పడునన్న నమ్మకము లేదు. పెరటి నేలలో నాటిన మందారమునకు వేసవి గడచుట కష్టము. కావుననే పలువురు గృహిణులు దీనిని కుండీలో నాటి వసారాలోనో, మట్టిమిద్దె గవాచి క్రిందనో పెంచుచున్నారు. పూజకు నాలుగు పూలు, తలనూనెకు గుప్పెడు ఆకు దొరికిన చాలునని వారి కోరిక. అది న్యాయమైన కోరికయే. అయితే హిందూపురము, మడకశిర ప్రాంతములలో (2022 నుండి ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి) మల్బరీ సాగుచేసి పట్టుపురుగులను పెంచు ఇండ్లవారు ఈ మొక్క విషయమున కొంత మెలకువతో ఉండవలెను.

మొదట పెంపకము. రెండు పాళ్ళు ఎఱ్ఱమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి కుండీ నింపవలెను. అడుగున రంధ్రము తప్పనిసరి. నల్లరేగడి ఒక్కటే వేసినచో తడిసినప్పుడు ముద్దయై, ఎండినప్పుడు బీటలువారును. ఇంటిలోపలి మందారము పూయకుండుటకు ముఖ్యకారణము ఎండ చాలకుండుటయే. దినమునకు నాలుగైదు గంటలు ఎండ తగిలిననే మొగ్గ నిలుచును. గవాచి వెలుతురులో ఆకు పచ్చగా ఉండునే గాని పూలు రావు. అట్టి కుండీని ఉదయపుటెండ పడు తూర్పు వసారాకు మార్చుట మేలు.

మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూచి, పైన అంగుళము మేర ఆరినప్పుడే నీరు పోయవలెను. బియ్యము కడిగిన నీరు పనికివచ్చును. ఉప్పు వేసిన గంజి, సబ్బునీరు పోయరాదు. జూన్ నుండి ఆగస్టు వరకు వీచు పడమటిగాలికి కుండీ మట్టి త్వరగా ఆరిపోయి మొగ్గలు రాలును. ఆ దినములలో కుండీని గోడచాటున ఉంచవలెను.

బోరునీరు పోయు ఇండ్లలో కుండీ అంచున తెల్లని పొర కట్టుటయు, ఈనెలు పచ్చగా ఉండి నడిమి ఆకు పసుపెక్కుటయు చూచుచుందుము. వేరుసెనగలో ఇనుపధాతువు లోపము వచ్చినప్పుడు ఇట్లే ఉండును గనుక రైతులు దీనిని సులభముగా గుర్తింపగలరు. అన్నభేది లీటరు నీటికి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి చల్లుట వేరుసెనగకు వాడుక. కుండీ మొక్కకు అందులో సగముతో ఆరంభింపవలెను. వానపడినప్పుడు కుండీని బయట పెట్టి, నీరు అడుగునుండి కారిపోవునట్లు తడిపినచో పేరుకొనిన ఉప్పు కొంత కొట్టుకొనిపోవును.

ఇక మెలకువ ఎందుకన్న సంగతి. మందారముపై తెల్లని దూదివలె కనబడు పిండినల్లిలో ఒక జాతి, నలిపినచో గులాబిరంగు రసము వచ్చునది, మల్బరీకి పరమశత్రువు. మల్బరీలో చిగురు ముడుచుకొని, కణుపులు దగ్గరపడి, ఆకు ముడతలువారు టుక్రా తెగులునకు ఇదియే కారణము. ఆ ఆకు మేపినచో గూడు నాణ్యత తగ్గును. ఈ పురుగు 1994లో కరీబియను దీవియైన గ్రెనడాలో కనబడి మందారములను, ఇతర చెట్లను విస్తారముగా పాడుచేసినది. ఒక్కొక్క ఆడపురుగు తెల్లని సంచిలో వందల గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు గాలికిని, చీమలతోను, మన బట్టలకు అంటుకొనియు ప్రయాణము చేయును. కనుక మల్బరీ తోటకు పడమటి దిక్కున మందారపు కుండీ ఉంచరాదు. పురుగులను పెంచు గదిలో అసలే ఉంచరాదు. ఊరినుండి చుట్టములు తెచ్చిన కొమ్మను ముచ్చికలు, కణుపులు పరీక్షించి గాని నాటరాదు.

మందు చల్లుటకు తొందరపడవద్దు. వేపనూనె, పొగాకు కషాయము సైతము పట్టుపురుగులకు హానికరములు. ఒకే కప్పుక్రింద పురుగులు మేయుచుండగా వీనిని వాడరాదు. ఒకప్పుడు మల్బరీపై చల్లిన డైక్లోర్‌వాస్ వాడుక 2020 డిసెంబరు 31తో దేశమున నిషేధింపబడినది. ఇంటిలో ఒకటి రెండు కుండీలే గనుక తడిగుడ్డతో తుడుచుటయే సులువు. చీమలు ఎక్కకుండ కుండీని నీళ్ళ పళ్ళెము నడుమ రాతిపై నిలిపి, దోమలు చేరకుండ మూడుదినముల కొకసారి ఆ నీరు మార్చవలెను. ఈ పనికి ఇంటి పిల్లలు ఉత్సాహముగా ముందుకు వత్తురు!

తుడుచునప్పుడు ఒక సంగతి గమనింపవలెను. పిండినల్లిని తిను అక్షింతల పురుగులలో క్రిప్టోలీమస్ అను జాతి ఆస్ట్రేలియానుండి 1898లో మనదేశమునకు తేబడినది. పెద్దపురుగు నల్లగా ఉండి తల నారింజ రంగులో ఉండును. దాని పిల్లపురుగు మాత్రము ఒంటినిండ తెల్లని పోగులతో అచ్చముగా పెద్ద పిండినల్లివలెనే ఉండును. తెలియనివారు దానినే ముందు చంపుదురు. పిండినల్లి గుంపుగా కదలక ఉండును. ఇది ఒంటరిగా చురుకుగా తిరుగును. అట్టిది కనబడినచో తుడుచుట మాని, ఆ కొమ్మను దానికి వదలివేయవలెను.

పూత ముగిసిన కొమ్మలను వానల మొదటిలో మూడవవంతు కత్తిరించినచో క్రొత్త చిగుళ్ళపై పూలు వచ్చును. కత్తిరించిన ముక్కలను పెంటదిబ్బపై వేయక, సబ్బునీటిలో ముంచి లోతుగా పాతిపెట్టవలెను.