ఒంటి పిల్ల అరిష్టమా?

ఒంగోలు ఆవు ఒక్క దూడను ఈనితే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అదే కుక్క ఒక్క పిల్లను పెడితే ముక్కున వేలేసుకుంటారు. దిష్టి తగిలిందనేవారొకరు, గ్రహణం పట్టిందనేవారొకరు, ఇంటికి అరిష్టం, తరిమెయ్యమనేవారు మరొకరు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కల్లాల దగ్గర రాత్రంతా కాపలా కాసే ఆ మూగజీవి చేసిన నేరమేమిటి?

నిజానికి మిరప రైతుకు ఇది కొత్త లెక్కేం కాదు. పూసిన పూవల్లా కాయ కాదు. పూత కొంత, పిందె కొంత రాలగా మిగిలిందే దిగుబడి. కుక్క ఎదకు వచ్చినపుడు విడుదలయ్యే అండాల్లో కొన్ని ఫలదీకరణ చెందవు. చెందిన పిండాల్లోనూ కొన్ని మొదటి నెలలోనే, పైకి ఏ గుర్తూ లేకుండా, తల్లి కడుపులోనే కరిగిపోతాయి.

అసలు అండాల సంఖ్యే జాతినిబట్టి మారుతుంది. పొమరేనియన్ వంటి చిన్న జాతులకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు మామూలే. లాబ్రడార్, ఆల్సేషియన్ వంటివాటికి ఆరు, ఎనిమిది కూడా పుడతాయి. 2004లో ఇంగ్లండులో ఒక నియాపోలిటన్ మాస్టిఫ్ ఒకే ఈతలో 24 పిల్లల్ని పెట్టింది! తొలి ఈతలోనూ, ఐదారేళ్ళు దాటాకా పిల్లలు తగ్గుతాయి. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టించినా అంతే.

ఇక అదను సంగతి. కుక్క అండం విడుదలయ్యాక పక్వం కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. యజమాని తన వీలు చూసుకుని ఏదో ఒకరోజు జతకట్టిస్తే అదను తప్పుతుంది. లోపం మగకుక్కలోనూ ఉండొచ్చు. నింద మాత్రం ఆడదానికే! బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి సోకినా పిల్లలు తగ్గుతాయి, లేదా కుక్క ఈసుకుపోతుంది. ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది గనుక అలా పడిన పిల్లల్ని ఒట్టి చేతులతో ముట్టుకోరాదు.

ఒంటి పిల్లతో ఇంటికి కీడు లేదుగానీ, తల్లికి మాత్రం ప్రమాదముంది. కాన్పు మొదలవడానికి సంకేతం కడుపులోని పిల్లల నుంచే వెళుతుంది. ఒక్కటే ఉంటే ఆ సంకేతం చాలకపోవచ్చు. పైగా చోటంతా దానిదే గనుక పిల్ల బాగా పెరిగి దారిలో అడ్డుపడొచ్చు. కుక్క చూలు సుమారు 63 రోజులు. గడువు దాటినా నొప్పులు రాకపోయినా, అరగంటసేపు గట్టిగా ముక్కినా పిల్ల బయటపడకపోయినా, పిల్లకంటే ముందు ముదురాకుపచ్చ ద్రవం కనిపించినా ఆలస్యం చేయకూడదు. అవసరమైతే ఆపరేషన్ చేసి తల్లినీ పిల్లనూ బతికించవచ్చు. ఆ సమయంలో నిమ్మకాయలు దిగదుడుస్తూ కూర్చుంటే రెండు ప్రాణాలూ పోతాయి. ఊళ్ళో ఎవరి కుక్కయినా అలా బాధపడుతుంటే, చదువుకున్న మనం చేయవలసింది దాన్ని వెంటనే పశువుల ఆస్పత్రికి చేర్చడమే.