స్పృహ తప్పితే మన పేరు ఎవరు చెప్పాలి?

తెల్లవారుజామున పరుగుకో, సైకిల్ తొక్కడానికో వెళ్లేవారు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఎక్కువయ్యారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే బయలుదేరేటప్పుడు చాలామంది బరువెందుకని పర్సు ఇంట్లోనే పెట్టేస్తారు. ఫోన్ వెంట ఉన్నా అది లాక్ అయి ఉంటుంది. దారిలో ఏ వాహనమో ఢీకొడితే, లేదా గుండెనొప్పితో కూలబడితే, చుట్టూ చేరినవారు ముందుగా అడిగేది "ఈయన ఎవరు? ఎవరి తాలూకు?" అనే. జవాబు చెప్పవలసిన మనిషికి స్పృహ ఉండదు.

పేరు తెలియకపోయినా 108 వాహనం వస్తుంది, ఆసుపత్రిలో చికిత్స మొదలవుతుంది. కానీ ఇంట్లోవారికి కబురు అందదు. పాత జబ్బులేమిటో, ఏ మందులు వాడుతున్నారో వైద్యులకు తెలియదు. గాయపడిన తర్వాతి తొలి గంటను మన మోటారు వాహనాల చట్టమే 'గోల్డెన్ అవర్' అని పేర్కొంది. ఆ గంటలో ఈ రెండు వివరాలూ అందించేదే ఒంటిమీద ధరించే గుర్తింపు బిళ్ల.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక వైద్యుడి కూతురికి ధనుర్వాతం మందు పడక ప్రాణం మీదికి వచ్చింది. ఆ అనుభవంతో ఆ కుటుంబం 1956లో 'మెడిక్ అలర్ట్' సంస్థను స్థాపించి, మందుల వివరాలు చెక్కిన కడియాలను ప్రచారంలోకి తెచ్చింది. 2005లో బ్రిటన్‌లో బాబ్ బ్రాచీ అనే అంబులెన్స్ ఉద్యోగి, ఫోన్‌లో దగ్గరివారి నంబరును 'ఐసీఈ' అనే పేరుతో దాచుకోమని సూచించారు. అప్పట్లో ఫోన్లు ఎవరైనా తెరవగలిగేవి. ఇప్పుడు అలా కాదు కనుక, ఫోన్ సెట్టింగులలో 'ఎమర్జెన్సీ సమాచారం' నింపి, లాక్ తీయకుండానే కనిపించేలా పెట్టుకోవాలి. అయినా ప్రమాదంలో ఫోన్ పగిలిపోవచ్చు, ఎక్కడో పడిపోవచ్చు. అందుకే బిళ్ల అవసరం.

దానిమీద ఏమి రాయాలి? పేరు, ఇంట్లోవారి ఫోన్ నంబర్లు రెండు, ముఖ్యమైన జబ్బు, పడని మందు. ఇన్సులిన్ తీసుకునేవారు చక్కెర పడిపోయి తూలితే, తాగి ఉన్నారని జనం పొరబడే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఆ సంగతి వైద్యుడికి వెంటనే తెలియాలి. బ్లడ్ గ్రూపు రాయడం మంచిదే గానీ, ఆసుపత్రివారు ఎలాగూ పరీక్షించాకే రక్తం ఎక్కిస్తారు. కాబట్టి చోటు తక్కువైతే ముందు మందుల పేర్లే రాయాలి. ఇంటి చిరునామా, ఆధార్ నంబరు అక్కరలేదు.

ఎక్కడ ధరించాలి? మణికట్టుకు గానీ, మెడలో గానీ. సైకిల్‌కు తగిలించిన సంచిలో పెడితే లాభం లేదు. మనిషి ఆసుపత్రికి వెళతాడు, సైకిల్ రోడ్డు పక్కనే ఉండిపోతుంది. కాగితం చెమటకు తడిసిపోతుంది కనుక లామినేషన్ చేయించాలి. పేర్లు చెక్కే దుకాణంలో స్టీలు బిళ్ల చేయించుకుంటే ఇంకా మేలు. మారథాన్‌లో ఇచ్చే నంబరు కాగితం వెనక ఈ వివరాలకు చోటు ఉంటుంది. కానీ అది ఆ ఒక్క రోజుకే.

బిళ్లమీద ఎవరి నంబరు రాశామో వారికి ఆ మాట చెప్పాలి. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తని అలవాటు మనలో చాలామందికి ఉంది. మనవాళ్లు బయటికి వెళ్లి ఇంకా ఇంటికి చేరని వేళ అలాంటి ఫోన్ వస్తే తప్పక ఎత్తాలి.

సాయం చేసేవారికీ ఒక మాట. రోడ్డు ప్రమాద బాధితుడికి మంచి మనసుతో తోడ్పడినవారిపై కేసు పెట్టకుండా 2019 చట్ట సవరణ రక్షణ ఇచ్చింది. తమ పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. కనుక వెనకాడకండి. ముందు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, ఆ తర్వాత మణికట్టు, మెడ చూడండి.

దాతలను మేము కోరేది చిన్న పని. ఈ వారంలోనే మీ ఇంట్లో పరుగుకు, సైకిల్‌పై వెళ్లేవారికి ఒక్కో బిళ్ల చేయించండి. అలాగే మీ వీధికి సైకిల్‌పై పాలు తెచ్చే మనిషికి, పేపర్ వేసే కుర్రాడికి, రాత్రి డ్యూటీకి వెళ్లే వాచ్‌మన్‌కు కూడా చేయించి ఇవ్వండి. వారు వ్యాయామం కోసం కాదు, బతుకుతెరువు కోసం రోజూ అదే చీకటి రోడ్డు మీద వెళుతున్నారు. వారి కోసం ఎదురుచూసే ఇల్లూ ఒకటి ఉంటుంది.