మీకు తెలుసా? భూమికి బ్రేకు వేసేది చందమామే

మన రాయలసీమలోని కోసిగిలో కొండ కింద మంచం వేసుకుని కదలకుండా పడుకున్న మనిషి కూడా గంటకు సుమారు 1,610 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంటాడు. భూమధ్యరేఖ దగ్గర ఈ వేగం 1,670. కోసిగి దానికి దాదాపు 16 డిగ్రీలు ఉత్తరాన ఉంది కాబట్టి ఆ కాస్త తగ్గింది. ఇంత జోరు మీదున్న భూమిని చందమామ నెమ్మదిగా వెనక్కి పట్టి లాగుతోంది.

అదెలాగో విసురురాయిని చూస్తే తెలుస్తుంది. జొన్నరొట్టె తినే మన సీమ ఇళ్లలో విసురురాయి ఇంకా ఏదో ఒక మూలన ఉంటుంది. దాని ముందు ఒకసారి కూర్చోండి. పిడి అంచునే ఎందుకు పెట్టారు? నడిమి ఇరుసుకు దగ్గరగా పట్టి తిప్పబోతే చేయి నొప్పి పుడుతుంది గానీ రాయి కదలదు. అంచున పట్టుకుంటే అదే చేయి సులువుగా తిప్పేస్తుంది. బలాన్ని ఇరుసు నుంచి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేదే టార్క్. ఇప్పుడు గుప్పెడు జొన్నలు పోసి, నాలుగు చుట్లు తిప్పి, పిడి వదిలేయండి. గింజలు ఒరుసుకుంటాయి, గరగరమంటూ రాయి నెమ్మదించి ఆగిపోతుంది. తిరిగే వేగం ఎంత త్వరగా మారుతోందో చెప్పేదే కోణీయ త్వరణం. ఇక్కడ వేగం తగ్గుతోంది కాబట్టి దానికి మైనస్ గుర్తు.

భూమికి ఆ జొన్నగింజల పని చేసేది సముద్రం. చంద్రుడి ఆకర్షణకు సముద్రం ఉబ్బుతుంది. చంద్రుడు మన చుట్టూ తిరిగి రావడానికి 27 రోజులు పైనే పడితే, భూమి ఒక్క రోజులో తన చుట్టూ తాను తిరిగేస్తుంది. అందుకే ఆ ఉబ్బును భూమి తనతోపాటు చంద్రుడికంటే కాస్త ముందుకు లాక్కుపోతుంది. చంద్రుడు దాన్ని వెనక్కి గుంజుతాడు. భూమి పోగొట్టుకున్న ఆ తిరుగుడు వృథా కాదు, చంద్రుడికే చేరుతుంది. అందువల్లే అతడు ఏటా 3.8 సెంటీమీటర్లు మనకు దూరం జరుగుతున్నాడు.

లెక్క పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు, వేసి చూడమని నా మనవి. ఆటుపోట్ల వల్ల నూరేళ్లకు రోజు సుమారు 2.3 మిల్లీసెకన్లు సాగుతుంది. దాన్ని బట్టి కోణీయ త్వరణం (సెకను వర్గానికి రేడియన్లలో) కడితే సున్నా, దశాంశ బిందువు తర్వాత 21 సున్నాలు, ఆపైన 6 వస్తుంది. తిరిగే వేగంలో మార్పును ఒక వస్తువు ఎంతగా ఎదిరిస్తుందో చెప్పేది జడత్వ భ్రామకం; భూమికి అది 8 పక్కన 37 సున్నాలు (కిలోగ్రాము మీటరు వర్గాల్లో). రెండూ గుణిస్తే టార్క్: సుమారు 5 పక్కన 16 సున్నాల న్యూటన్ మీటర్లు! పొలం దున్నే ట్రాక్టర్ ఇంజను టార్క్ 200 అనుకుంటే, రెండున్నర కోట్ల కోట్ల ట్రాక్టర్లు కలిసి వెనక్కి తిప్పుతున్నట్టు. అయినా భూమి అంత బరువైనది కాబట్టి మనకు ఏమీ తెలియడం లేదు.

మంచుయుగంలో మంచు కింద అణిగిపోయిన నేల ఇప్పుడు తిరిగి లేస్తుండటం వల్ల భూమికి కాస్త జోరు వస్తుంది. అది పోను నికరంగా రోజు సాగేది నూరేళ్లకు 1.7 మిల్లీసెకన్లు. ఇంత చిన్న తేడాకూ సాక్ష్యం ఉంది. క్రీస్తుపూర్వం 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని అక్కడివాళ్లు మట్టిపలకల మీద రాసిపెట్టారు. భూమి అప్పటినుంచీ నేటి వేగంతోనే తిరిగి ఉంటే ఆ గ్రహణం అక్కడ కాకుండా దాదాపు 49 డిగ్రీలు పడమటగా పట్టాలి. ఏడు లక్షలకు పైగా రోజుల్లో పేరుకున్న తేడా మూడుంపావు గంటలు. కోసిగిలో పట్టాల్సిన గ్రహణం సూడాన్‌లో పట్టినంత!